తొమ్మిదో నంబరు ప్లగ్గు

"నా చెయ్యేనమ్మా. ఇంకెవరి చెయ్యి ఉంటుంది?"

మేస్త్రీ ఆ మాట అనడం అది మూడోసారి. మొదటిసారి అన్నప్పుడు ల్యాబక్క నోటుబుక్కులో రాసుకుంది. రెండోసారి పక్కన టిక్కు పెట్టింది. మూడోసారికి పెన్ను మూసేసింది. తప్పు ఒప్పుకునేవాళ్ళు ఏడుస్తారు, లేదా అరుస్తారు, లేదా కాళ్ళావేళ్ళా పడతారు. ఈ మనిషి మాత్రం టైరు మీది నంబరు చదివినట్టు చెబుతున్నాడు. గొంతులో తడి లేదు, వణుకు లేదు.

గ్యారేజీ గోడ గడియారంలో ఒంటిగంటా నలభై. నాలుగింటికి బీమా కంపెనీ పరిశోధకుడు కాగితం పట్టుకుని వస్తాడు. 'నా పొరపాటు వల్లే కారు చెడి మనిషి పోయాడు' అని అందులో రాసి ఉంటుంది. మేస్త్రీ దాని కింద సంతకం పెడితే ఐదింటికల్లా అది పోలీస్ స్టేషన్లో ఉంటుంది. తరవాత గ్యారేజీకి సీలు, అరవై నాలుగేళ్ళ మనిషికి జైలు.

ల్యాబక్క పన్నెండేళ్ళు పాలిటెక్నిక్ ల్యాబులో పనిచేసింది. అది వదిలేసి డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకుంది. బోర్డు మీది పేరు ఎవరూ చదవరు, అందరికీ ల్యాబక్కే. ఆ పొద్దున్నే ఆమెకి పన్ను పీకారు. ఇంజెక్షన్ మహిమకి ఎడమ దవడ అద్దెకి తెచ్చుకున్నట్టు ఉంది. మాట ఒక పక్క నుంచే వస్తోంది. అయినా ఆ గదిలో అందరికన్నా ఎక్కువ చలనం ఉన్నది ఆమెలోనే.

"మళ్ళీ మొదట్నించీ చెప్పండి మేస్త్రీ గారూ. శుక్రవారం."

"చెప్పాగదమ్మా. ప్రెస్సు ఓనరు గారు పదకొండింటికి కారు తెచ్చారు. మర్నాడు పొద్దున్నే కొండ మీది ఊరికి కాగితం కట్టలు వేసుకెళ్ళాలి, స్పార్క్ ప్లగ్గులు మార్చమన్నారు. మార్చాను. ఒంటిగంటకి తీసుకెళ్ళారు."

"ఏ ప్లగ్గులు వేశారు?"

"నేనెప్పుడూ ఎర్ర డబ్బావే వేస్తా. ఆ కారుకి ఆరో నంబరు."

"ఇంజన్లో దొరికినవి నీలం డబ్బా కంపెనీవి. తొమ్మిదో నంబరు."

"అదే మరి." మేస్త్రీ తన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. "కళ్ళు మసకలు. ఆ చిన్న అక్షరాలు నాకిప్పుడు చీమల బారే. ఎర్రవనుకుని నీలంవి తీశానేమో."

"రంగు కూడా తెలియలేదా?"

"తెలియాలి. ఇరవై రోజుల్నించీ అదే ఆలోచిస్తున్నా. ఆలోచించీ ఆలోచించీ, ఆ రోజు నా చేతిలో నీలం డబ్బా ఉన్నట్టే కనపడుతోందమ్మా ఇప్పుడు. కార్లో దొరికాయంటే నేను పెట్టినట్టేగా? దేవుడొచ్చి బిగిస్తాడా?"

శనివారం పొద్దున ఆరూ నలభైకి ఎత్తు రోడ్డు మీద ప్రెస్సు ఓనరు ముందున్న లారీని దాటబోయాడు. సగం దాటాక ఇంజన్లోంచి పెద్ద చప్పుడు. బండిలో జీవం పోయింది. ఎదురుగా ఇంకో లారీ. ఆ డ్రైవరు వాంగ్మూలంలో ఒక్క ముక్క ఉంది: "ఆయన నా మొహంలోకి చూస్తూనే ఉన్నాడండీ, కారు కదల్లేదు."

వెనక అరల దగ్గర మేస్త్రీ కూతురు స్పానర్లు తుడిచి పెడుతోంది. ఎనిమిది, పది, పన్నెండు, సైజుల వరసలో, తండ్రి నేర్పినట్టే. పంపుల కంపెనీలో టెస్టింగ్ పని ఆమెది. ఇరవై రోజులుగా సెలవు పెట్టింది. మూడు రోజుల కింద ల్యాబక్క గదికి వచ్చింది కూడా ఆమే. "నాన్న చెయ్యలేదు మేడం, నాకు తెలుసు," అంది. ఎలా తెలుసమ్మా అంటే, "తెలుసు," అంది. అంతకు మించి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"శుక్రవారం సాయంత్రం మీ నాన్న ఎక్కడున్నారమ్మాయ్?"

"కళ్ళ క్లినిక్‌కి వెళ్ళాడు మేడం. నాలుగున్నరకి బయల్దేరాడు."

"టోకెన్ కాగితం ఉందా?"

"వెతుకుతాను."

"వెతుకు. మూడూ యాభైకల్లా నా చేతిలో ఉండాలి. మేస్త్రీ గారూ, నేనొచ్చేదాకా పెన్ను ముట్టుకోకండి."

"ముట్టుకోనులేమ్మా," అన్నాడు మేస్త్రీ. చిన్నపిల్ల అడిగితే ఒప్పుకున్నట్టు.

* * *

ప్రమాదం బళ్ళు పెట్టే యార్డులో టైము రెండూ ఇరవై. కారుకి కుడి పక్క లేదు. ఎడమ పక్క మాత్రం నిన్న కొన్నట్టు ఉంది. దాని బానెట్టు మీద ఫైలు పెట్టుకుని బీమా పరిశోధకుడు నిలబడి ఉన్నాడు. ఎంత పెద్ద కేసైనా చివరికి ఎవరో ఒకరి చేత ఒక సంతకం పెట్టించి ముగిస్తాడని అతనికి సంతకం అనే పేరు పడిపోయింది. ఆ పేరంటే అతనికి లోలోపల గర్వమే.

"ఏంటి ల్యాబక్క గారూ, మూతి పక్కకి తిరిగింది? నన్ను చూసేనా?"

"పన్ను పీకించుకున్నా. మీకన్నా అదే నయం, ఒక్కసారే నొప్పి."

సంతకం నవ్వి, ప్లాస్టిక్ సంచీ ఎత్తి చూపించాడు. లోపల నాలుగు ప్లగ్గులు. మూడోదాని మొన కరిగి ముద్దయింది.

"ఇదీ కథ. ప్లగ్గు తనలో వేడి ఎంత తొందరగా వదులుతుందో ఈ నంబరు చెబుతుంది. ఎర్ర డబ్బా వాళ్ళ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లన. నీలం డబ్బా వాళ్ళది తిరకాసు లెక్క, నంబరు పెరిగేకొద్దీ వేడి. మీ మేస్త్రీకి జన్మంతా ఎర్ర డబ్బా అలవాటు. బండి బరువుతో కొండెక్కుతుంది కదా, చల్లని ప్లగ్గు వేద్దామనుకున్నాడు. చేతికి నీలం డబ్బా తగిలింది. పెద్ద నంబరు తీసి బిగించాడు. ఎత్తు మీద ఆ మొన నిప్పుకణిక అయింది. పెట్రోలు ముందే అంటుకుని మూడో పిస్టన్‌కి చిల్లు పడింది. పాపం, ఉద్దేశం మంచిదే."

"ఆయన అలా చెప్పలేదే. ఎర్రవే వేశానన్నాడు."

"నా చెయ్యే అని కూడా అన్నాడుగా? కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? ఆయనే ఒప్పుకుంటుంటే మధ్యలో మీ ఆరాటమేంటి?"

"ఒప్పుకోవడం వేరు, చెయ్యడం వేరు."

"అయితే ఆ అరలోకి చూడండి." సంతకం డ్యాష్‌బోర్డు అర చూపించాడు. మూత వంకరపోయి బిగుసుకుంది, పైన రెండు వేళ్ళ సందు. ల్యాబక్క టార్చి వేసింది. నీలం డబ్బాలు, ట్యూబు ముక్కతో కట్ట కట్టి ఉన్నాయి. "పాత ప్లగ్గుల్ని కొత్త డబ్బాల్లో పెట్టి ఓనరుకి ఇవ్వడం మీ మేస్త్రీ అలవాటు. ఏవి తీశానో చూసుకో అని. ఊరంతా తెలుసు. ఆ అలవాటే పట్టిచ్చింది. నీలం డబ్బాలు నాలుగు అని రిపోర్టులో రాశాను."

"డబ్బాలు చూశారు. డబ్బాల్లో చూశారా?"

"మూత రాలేదు."

"మీకు రాలేదు." ల్యాబక్క సంచీలోంచి పెద్ద స్క్రూడ్రైవరు తీసింది. మూత మూల దగ్గర దూర్చి, సీటు మీద మోకాలు ఆనించి, తొక్కింది. మూత ఊడి ఆమె కాళ్ళ మీద పడింది.

కట్ట ఒకటి కాదు, రెండు. ముందు నీలం డబ్బాల కట్ట, దాని వెనక ఎర్ర డబ్బాల కట్ట.

ఆమె ఎర్ర డబ్బా విప్పింది. అరిగిపోయి మసిబారిన పాత ప్లగ్గు. నీలం డబ్బా విప్పింది. ఎర్ర కంపెనీ ప్లగ్గు, ఆరో నంబరు. పింగాణీ పాల తెలుపు, మొన చుట్టూ కనీకనపడని పొగ మరక. వాషరు మాత్రం నలిగి ఉంది.

రెండు డబ్బాలూ బానెట్టు మీద పక్కపక్కన పెట్టింది.

"చెప్పండి సంతకం గారూ. మధ్యాహ్నం పాతవి తీశారు, అవి ఎర్ర డబ్బాల్లోకి వెళ్ళాయి. అంటే ఎక్కించినవి ఎర్రవి, ఆరో నంబరు, మేస్త్రీ చెప్పినట్టే. ఈ ప్లగ్గు వాషరు నలిగింది, అంటే ఒకసారి బిగించారు. మొన రంగు మారలేదు, అంటే పట్టుమని యాభై కిలోమీటర్లు తిరగలేదు. ఆ తరవాత ఎవరో ఇవి తీసేసి తొమ్మిదో నంబరువి పెట్టారు. ఒంటిగంట తరవాత, మర్నాడు బయల్దేరే లోపల."

సంతకం నీలం డబ్బాని అటూ ఇటూ తిప్పి చూశాడు. మూత మీద పెన్సిల్‌తో '3' అని ఉంది, కింద చిన్న గీత. ఎర్ర డబ్బాల మీదా పెన్సిల్ అంకెలున్నాయి, గీత లేకుండా, ఏ సిలిండరుది ఏదో తెలియడానికి. ల్యాబక్క వాటిని చూసింది. చూసి టైము చూసుకుంది. రెండూ యాభై.

"ఆ మేస్త్రీయే సాయంత్రం మనసు మార్చుకుని మళ్ళీ మార్చి ఉండొచ్చుగా?" అన్నాడు సంతకం. గొంతులో ఇందాకటి ఊపు లేదు. "ప్రెస్సు గేటు రిజిస్టరు ప్రకారం కారు నాలుగూ యాభైకి బయటికెళ్ళింది. ఇంటికి చేరింది ఆరున్నరకి. ఇరవై నిమిషాల దారి అది."

"అంటే గంటకి పైన ఎవరి చేతిలోనో ఉంది కారు. ఎవరో చంపాలనుకున్నారు."

"చంపాలనుకునేవాడు బ్రేకు పైపు కోస్తాడండీ, ప్లగ్గు నంబర్లు ఎంచుతూ కూర్చుంటాడా?"

"బ్రేకు కోస్తే అందరికీ తెలుస్తుంది. ఇది బళ్ళ సంగతి తెలిసినవాడు చేసిన పని." ఆమె నీలం డబ్బా అడుగు చూపించింది. ఒక షాపు గుండ్రటి రబ్బరు ముద్ర. "నాలుగింటికి మీ కాగితం తెచ్చుకోండి. ఖాళీగా తీసుకెళ్దురుగాని."

* * *

ఆ షాపు గ్యారేజీకి రెండు వీధుల అవతల. మూడూ పది. కౌంటరు వెనక కూర్చున్న పెద్దాయనని అందరూ నంబరు బాబాయి అంటారు. ఆయన తల ఎత్తకుండానే అడిగాడు.

"పాత ప్లగ్గు తెచ్చారా?"

"ప్లగ్గు కోసం రాలేదు బాబాయ్ గారూ. నీలం డబ్బా, తొమ్మిదో నంబరు. శుక్రవారం, ఇరవై రోజుల కింద."

ఆయన తల అప్పుడు లేచింది. "నాలుగు."

"గుర్తుందా!"

"నాకు మనుషులు గుర్తుండరమ్మా, నంబర్లు గుర్తుంటాయి. మా ఆవిడ చీర మార్చుకొస్తే ఎవరండీ అంటా. తొమ్మిది అంటే జనరేటర్లకీ పాత పంపు ఇంజన్లకీ పడేది. ఒకటి అడుగుతారు, మహా అయితే రెండు. నాలుగు ఒకేసారి నా సర్వీసులో ఎవరూ అడగలేదు."

"ఎవరడిగారు?"

"అదే చెబుతున్నా, మొహం గుర్తుండదని. వచ్చారు. నీలం కంపెనీవి తొమ్మిది ఉన్నాయా అన్నారు. పాత ప్లగ్గు తెచ్చారా అన్నా. అక్కర్లేదు, నంబరు తెలుసు అన్నారు. చాలా కచ్చితంగా అన్నారు. ఇచ్చా, తీసుకెళ్ళారు."

"ఏ బండికని అడగలేదా?"

నంబరు బాబాయి కాసేపు కౌంటరు గాజు కింద ఉన్న వాషర్లని చూశాడు. "అడగాల్సింది. అడిగిన నంబరు ఇవ్వడం నా పని అనుకున్నా. నలభై ఏళ్ళు అదే అనుకున్నా."

"మేస్త్రీ గారు కాదు కదా?"

"ఆయనా? ఐదో నంబరుకి ఆరో నంబరు ఇచ్చానని పదేళ్ళ కింద నాతో పోట్లాడి వెళ్ళారు. మళ్ళీ ఆయన గానీ, ఆయన మనుషులు గానీ నా గుమ్మం తొక్కలేదు. ఆ గొంతు నాకు తెలుసు. ఆయన కాదు."

బిల్లు నకలు దొరికింది. ఐదూ పన్నెండు.

ల్యాబక్క దాన్ని ఫోటో తీసుకుంది. ఎవరో పని తెలిసినవాడు. కచ్చితమైన గొంతు, మేస్త్రీతో మాటల్లేని షాపు. వాడు అన్నీ ఆలోచించే చేశాడు. ఆమెకి ఆ మనిషి వీపు దాదాపు కనపడుతోంది, చొక్కాతో సహా.

* * *

మూడూ యాభై రెండు. గ్యారేజీలో బల్ల మీద సంతకం తన కాగితం అప్పటికే పరిచాడు. ఎగరకుండా దాని మీద మేస్త్రీ ప్లగ్గు స్పానరే బరువు పెట్టాడు.

కూతురు టోకెన్ తెచ్చి ఇచ్చింది. క్లినిక్ ముద్ర, ఐదూ ఐదు. వెనక డాక్టరు రాత: ఐదూ ఇరవైకి చుక్కలు, ఏడు దాకా కూర్చోవాలి.

ల్యాబక్క ఒక్కొక్కటే బల్ల మీద పేర్చింది. టోకెన్, బిల్లు ఫోటో, నీలం డబ్బా, ఎర్ర డబ్బా. "మేస్త్రీ గారూ, వినండి. మీరు ఎర్రవే వేశారు, ఆరో నంబరే వేశారు. మీ కళ్ళు మసకబారినా మీ చెయ్యి తప్పలేదు. ఐదూ పన్నెండుకి ఎవరో తొమ్మిదో నంబరు కొన్నారు, మీరు కాదని షాపాయనే చెప్పాడు. అప్పుడు మీరు క్లినిక్‌లో ఉన్నారు. మీరు వేసినవి వాళ్ళే తీసి, ఈ నీలం డబ్బాల్లో పెట్టి, అరలో పెట్టారు. సంతకం గారూ, కాగితం మడిచేయండి."

సంతకం టోకెన్ రెండుసార్లు చదివాడు. ఎదుటివాడి సాక్ష్యం బాగుంటే బాగుందనే గుణం అతనిలో ఉంది. "ఇది నిలబడుతుంది," అన్నాడు. "మడిచేస్తాను."

మేస్త్రీ మొహంలో ఏదో కదిలింది. ఇరవై రోజుల తరవాత మొదటిసారి. "నేను కాదా?" అన్నాడు. "నేను కాదామ్మా?"

"మీరు కాదు."

ఆయన నమ్మకం కుదరనట్టు ఎర్ర డబ్బా తీసుకుని ముక్కు దగ్గరదాకా తెచ్చి చూశాడు. తన అంకె. తరవాత నీలం డబ్బా తీసుకున్నాడు. పెన్సిల్ అంకె, కింద తనకి తెలిసిన చిన్న గీత. దాని మీద బొటనవేలు ఆనించి, చాలాసేపు అలాగే ఉంచాడు.

ఆ వేలు అక్కడ ఆగిపోవడం ల్యాబక్క చూసింది. అప్పుడు ఆమె తలలో ఒక్కొక్కటీ దానంతట అదే బిగుసుకోవడం మొదలైంది. చంపాలనుకునేవాడు తీసిన మంచి ప్లగ్గుల్ని చెత్తలో పారేస్తాడు. సిలిండరు నంబర్లు వేసి, ట్యూబు ముక్కతో కట్ట కట్టి, ఓనరు చూసుకోవడానికని అరలో పెట్టడు. అలా పెట్టేది ఈ ఒక్క గ్యారేజీలో. ఇక్కడ పని నేర్చుకున్నవాళ్ళు. సంతకం చెప్పిన కథే నిజం, కొండెక్కే బండికి చల్లని ప్లగ్గు అనుకుని పెద్ద నంబరు తియ్యడం. చెయ్యి ఒక్కటే వేరు.

వచ్చారు, అన్నారు, తీసుకెళ్ళారు. నంబరు బాబాయి మర్యాదగా చెప్పిన ప్రతి మాటలోనూ ఆమె మగవాణ్ణి విన్నది. ఆ మాటల్లో ఆడా లేదు, మగా లేదు. ఆమె అడగలేదు.

మేస్త్రీ నీలం డబ్బా కింద పెట్టాడు. స్పానరు పక్కకి జరిపి కాగితం తన వైపు లాక్కున్నాడు. "నాదేనయ్యా ఇది," అన్నాడు. "ఇప్పుడు గుర్తొచ్చింది. సాయంత్రం ఓనరు గారు మళ్ళీ వచ్చారు. నేనే మార్చాను."

"క్లినిక్‌లో ఉన్నారు కదండీ మీరు?" అన్నాడు సంతకం.

"టోకెన్ తీసుకున్నా. కూర్చోలేక తిరిగొచ్చేశా."

"షాపాయన మీరు కాదన్నాడట."

"వాడికి మొహాలు గుర్తుండవు. అడుగు, ఊళ్ళో ఎవర్నయినా అడుగు." పెన్ను తీసుకున్నాడు. ఇందాకటి మనిషి కాదు. గొంతులో తడి వచ్చింది, వణుకు వచ్చింది, తొందర వచ్చింది. "ఎక్కడ పెట్టాలి? ఇక్కడేనా?"

ల్యాబక్క నోరు తెరిచింది. ఆయన అబద్ధమాడుతున్నాడని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట చెబితే ఎవరి పేరు చెప్పాలో ఆమెకి తెలుసు. పన్ను పీకిన పక్క నుంచే కాదు, రెండో పక్క నుంచి కూడా మాట రాలేదు.

సంతకం ఆమె వైపు చూశాడు, మేస్త్రీ వైపు చూశాడు. అతనేం అమాయకుడు కాదు. కానీ కాగితం మీద వేలు పెట్టి చోటు చూపించాడు.

అరల దగ్గర స్పానరు పెట్టిన చప్పుడు. మేస్త్రీ కూతురు బల్ల దగ్గరికి నడిచి వచ్చింది. చేతులు గుడ్డతో తుడుచుకుంది.

"నాన్నా, ఆ పెన్ను ఇలా ఇవ్వు."

"నువ్వు లోపలికి పోమ్మా."

"నువ్వు తిరిగి రాలేదు నాన్నా. చుక్కలు వేయించుకుని ఏడున్నరకి ఆటోలో వచ్చావు. గుమ్మం కనపడక ఆగిపోతే చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది నేనే." ఆమె సంతకం వైపు తిరిగింది. "ఓనరు గారు ఐదింటికి వచ్చారు సార్. ఎత్తు మీద ఇంజన్ టకటకా కొట్టుకుంటోంది, రేపు కట్టలు వేసుకెళ్ళాలన్నారు. చల్లనివి వేస్తే చాలనుకున్నాను. నాన్న కొనే చోట స్టాకు లేదు. ఆ షాపులో నీలంవే ఉన్నాయి. పెద్ద నంబరు చల్లన అనుకున్నాను. ఇంకేదైనా కారణం దొరుకుతుందేమోనని మేడంని పిలిచాను. దొరకలేదు."

మేస్త్రీ పెన్ను పిడికిట్లో బిగించి, పిడికిలిని చొక్కా కింద దాచుకున్నాడు.

ఆమె చెయ్యి చాచి అలాగే నిలబడింది. "ఇవ్వు నాన్నా," అంది. "నాలుగైంది."